అమరికలు అక్షరాల్లోనే ఉండాలి



సాఫ్టువేరు మన మాట వినడానికి రెండు దారులున్నాయి. దానిని తయారుచేసినవారు చూపించిన గడులలో టిక్కులు పెట్టుకుంటూ, వారు ఊహించినంత మేరకే మన కోరికను కుదించుకోవడం మొదటిది. ఆ సాఫ్టువేరు మొదలు కాగానే చదువుకొనే ఒక సాదా అక్షరాల ఫైలును తెరిచి, మనకు కావలసినది అందులో వ్రాసిపెట్టడం రెండవది. ఈ రెండవ దారి ఇంజనీర్ల వ్యవహారమనీ, పద్యాలూ వ్యాసాలూ వ్రాసుకొనేవారికి దానితో నిమిత్తం లేదనీ మనలో చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా భిన్నం. తెలుగులో వ్రాసేవారికే ఆ దారి అవసరం ఎక్కువ. ఎందుకో ఒక అక్షరాన్ని ఆధారం చేసుకొని విన్నవిస్తాను.

చ, జ లకు తెలుగులో రెండేసి ఉచ్చారణలున్నాయని మీకు తెలుసు. చీమ, చెట్టు అన్నప్పుడు పలికే చకారం తాలవ్యం. చలి, చాప అన్నప్పుడు పలికేది దంత్యం. అచ్చతెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ లతో కూడినప్పుడు తాలవ్యమనీ, తక్కిన అచ్చులతో దంత్యమనీ, తత్సమాల్లో ఎప్పుడూ తాలవ్యమేననీ వ్యాకరణం పిల్లలకు చెబుతాం. దంత్యాన్ని విడిగా చూపడానికి ౘ, ౙ అనే రూపాలున్నాయి. నిత్యవ్యవహారంలో వాటి అవసరం పడకపోవచ్చు. కాని నిఘంటువును ఎక్కించేవానికి, వ్యాకరణ పాఠం వ్రాసేవానికి, తెలుగు నేర్చుకొనే పరభాషీయునికి ఉచ్చారణ చూపవలసినవానికి అవి లేకుండా గడవదు.

యూనికోడు మొదటి సంచిక 1991లో వెలువడినప్పుడు తెలుగుకు చోటు దక్కింది. అరసున్నకూ శకటరేఫానికీ అప్పుడే స్థానం దొరికింది. దంత్య చ జ లు మాత్రం 2008లో వచ్చిన 5.1 సంచిక దాకా వేచి ఉండవలసి వచ్చింది. ౘకారానికి 0సి58, ౙకారానికి 0సి59 అని సంఖ్యలిచ్చారు. అవగ్రహం కూడా ఆ సంచికలోనే చేరింది. నకారపొల్లుకు ప్రత్యేక సంఖ్య 2021లో, 14.0 సంచికలో గాని రాలేదు.

సంఖ్య రావడం ఒక ఎత్తు, ఆ అక్షరం వ్రేలికి అందడం మరొక ఎత్తు. 1991 నాటి భారత ప్రమాణంలో స్థిరపడిన ఇన్‌స్క్రిప్టు వరుసలో ఱకారం ఉంది, అరసున్న ఉంది. అప్పటికి సంఖ్యే లేని ౘ, ౙ లు అందులో ఎలా ఉంటాయి? తరువాతి కాలంలో ఇన్‌స్క్రిప్టును విస్తరించారు. కాని ఒక ప్రమాణం కాగితం మీద మారడానికీ, ఆ మార్పు నా బల్లమీది యంత్రానికి చేరడానికీ నడుమ ఏళ్ళు గడుస్తాయి. అంతవరకూ ఏం చేయాలి? అక్షరపటం తెరిచి, వెదికి, నకలు తీసి, అతికించుకుంటూ ఒక వ్యాకరణ వ్యాసం పూర్తిచేయడం ఎంతటి శిక్షో ప్రయత్నించినవారికే తెలుస్తుంది.

ఇక్కడే సాదా అక్షరాల ఫైలు అక్కరకు వస్తుంది. లినక్సులో భారతీయ భాషల కీబోర్డు వరుసలు 'ఇన్' అనే పేరుగల ఒకే ఫైలులో ఉంటాయి. తెరిస్తే అంతా కంటికి కనిపించే అక్షరాలే. భాషకొక అధ్యాయం, మీటకొక పంక్తి. మీటల పేర్లు మొదట వింతగా కనిపించినా, వాటిలో చక్కని క్రమముంది. ఏడీ10 అనే పేరును చూడండి. ఏ అంటే అక్షరాలుండే భాగం. డీ అంటే అందులో ఒక వరుస. 10 అంటే ఆ వరుసలో పదవ మీట. ఇంగ్లీషు 'పి' ఉండే చోటది, మన ఇన్‌స్క్రిప్టులో జకారపు చోటు. తరగతి గదిలో ఫలానా వరుసలో ఫలానా స్థానంలో కూర్చున్న పిల్లవానిని పిలిచినట్లే.

ఆ మీటకు ఎదురుగా చదరపు కుండలీకరణంలో రెండు సంఖ్యలుంటాయి. మొదటిది ఊరక నొక్కితే వచ్చే జ, రెండవది షిఫ్టుతో వచ్చే ఝ. మూడవ స్థాయి అని మరొకటి ఉంది. కుడివైపు ఆల్టు మీటతో నొక్కినప్పుడు వచ్చేది. 2010లో రూపాయి గుర్తు పుట్టిన తరువాత దానిని 4 అంకె గల మీటపై ఈ మూడవ స్థాయిలోనే కూర్చోబెట్టారు. ఆ దారినే మనమూ అనుసరించవచ్చు. ఝకారపు సంఖ్య తరువాత ఒక కామా పెట్టి ౙకారపు సంఖ్య వ్రాస్తే ఆ మీటకు ౙ వచ్చిచేరుతుంది. ఏసీ10 అనే మీట దగ్గర ఛకారపు సంఖ్య తరువాత ౘకారపు సంఖ్య వ్రాస్తే ౘకారమూ చేరుతుంది. రెండు పంక్తుల్లో రెండు చేర్పులు! ఎవరి అనుమతీ అక్కరలేదు, ఏ సంస్థకూ అర్జీ పెట్టుకోనక్కరలేదు.

వ్యవస్థకు చెందిన ఆ ఫైలును ముట్టుకోవడానికి సంకోచమైతే ఇంకొక మార్గముంది. మన సొంత హోము డైరెక్టరీలో 'ఎక్స్‌కంపోజ్' అనే పేరుతో, పేరుకు ముందు ఒక చుక్కతో, చిన్న ఫైలు పెట్టుకోవచ్చు. మొదటి పంక్తిలో, మన భాషకు వ్యవస్థ ముందే ఇచ్చిన నియమాలన్నింటినీ యథాతథంగా తీసుకొమ్మని చెప్పాలి. తరువాత, కంపోజ్ మీట నొక్కి వరుసగా రెండు చకారాలు నొక్కితే ౘ రావాలని ఒక పంక్తి, రెండు జకారాలు నొక్కితే ౙ రావాలని ఒక పంక్తి. మొత్తం కలిపి ఒక కిలోబైటుకు మించదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే అలవాటున్నవారికీ ఇలాంటి సదుపాయముంది. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి మనలో చాలామందికి ఓనమాలు దిద్దించింది కదా. లినక్సులో ఎమ్17ఎన్ అనే సాధనం వాడే ఆర్‌టీఎస్ పట్టిక కూడా కుండలీకరణాలతో నిండిన ఒక సాదా పాఠ్యమే. దానికి నకలు తీసి, మన హోము డైరెక్టరీలో పెట్టుకొని, నచ్చని పంక్తిని మార్చుకోవచ్చు.

వ్యాకరణం చదువుకున్నవారికి ఈ ఫైళ్ళు పరాయివిగా తోచనక్కరలేదు. వీటి స్వభావం సూత్రాల స్వభావమే. సామాన్యవిధిని ఉత్సర్గమన్నారు, దానిని బాధించే విశేషవిధిని అపవాదమన్నారు. యంత్రం మొత్తానికి వర్తించే అమరికలు ఉత్సర్గాలు, నా హోము డైరెక్టరీలో నేను వ్రాసుకున్నవి అపవాదాలు. గిట్ అనే సాధనంలో ఇది మూడంచెలుగా ఉంటుంది. యంత్రమంతటికీ ఒక ఫైలు, వాడేవానికొక ఫైలు, పట్టుకున్న పనికొక ఫైలు. వరుసగా చదువుకుంటూ పోయి, ఒకే విషయంపై రెండు మాటలు కనిపిస్తే తరువాతి మాటనే తీసుకుంటుంది. రెండు సూత్రాలకు విరోధం వచ్చినప్పుడు పరసూత్రానిదే పైచేయి అన్న పాణినీయ నియమాన్ని సంప్రదాయ వ్యాఖ్యాతలు ఇలాగే వివరించారు. అయితే అన్ని సాఫ్టువేర్లకూ పరిభాష ఒకటే కాదు. దూరపు యంత్రాలతో మాట్లాడే ఎస్‌ఎస్‌హెచ్ తన అమరికల ఫైలులో ఒక విషయంపై మొదట కనిపించిన మాటనే పట్టుకుంటుంది, తరువాతి వాటిని లెక్కచేయదు. ఏ శాస్త్రానికి ఏ పరిభాషో ముందు తెలుసుకోవాలన్న పాఠం ఇక్కడా వర్తిస్తుంది.

సూత్రమున్నచోట వృత్తి ఉండాలి, వ్యాఖ్య ఉండాలి. ఈ ఫైళ్ళలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది అదే. యంత్రం చదవకుండా వదిలివేసే పంక్తులను, మనిషి మనిషికోసం వ్రాసుకొనే పంక్తులను వీటిలో వ్రాయవచ్చు. కొన్నింటిలో ఆ పంక్తికి ముందు హాష్ గుర్తు పెడతారు. కీబోర్డు ఫైలులో రెండు ఏటవాలు గీతలు, ఈమాక్సులో సెమికోలన్, విమ్‌లో ఉద్ధరణ చిహ్నం. గుర్తులు వేరైనా భావమొక్కటే. ఫైలు యూటీఎఫ్-8లో ఉన్నప్పుడు ఆ వ్యాఖ్యను తెలుగులో వ్రాయడానికి ఏ ఆటంకమూ లేదు. 'దంత్య చకారం, నిఘంటువు పనికోసం చేర్చినది' అని ఆ పంక్తి ప్రక్కన వ్రాసిపెడితే, పదేళ్ళ తరువాత ఆ ఫైలు ఎవరి చేతికి వచ్చినా విషయం బోధపడుతుంది. ఒకనాడు వేసిన టిక్కు ఎందుకు వేశామో ఏ మెనూ మనకు గుర్తుచేయదు. జేసన్ అనే ప్రసిద్ధ రూపంలో వ్యాఖ్యలకు చోటు లేదు. దానిని రూపొందించిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తెలిసే వాటిని తొలగించారు. యంత్రాలు తమలో తాము మాట్లాడుకోవడానికి ఆ నియమం సరిపోవచ్చు గాని, మనుషులు దిద్దుకొనే అమరికలకు అది తగదని నా అభిప్రాయం. విజువల్ స్టూడియో కోడ్ వంటి సాఫ్టువేర్లు తమ అమరికల కోసం జేసన్‌కు వ్యాఖ్యలను మళ్ళీ చేర్చుకోవడమే దీనికి సాక్ష్యం.

ఈ పద్ధతి నేటిది కాదు. చాలా అమరికల ఫైళ్ళ పేర్ల చివర కనిపించే 'ఆర్‌సీ' అనే రెండక్షరాలు 'రన్‌కామ్' అనే మాటకు కుదింపు. 1960ల నాటి మసాచుసెట్స్ విద్యాసంస్థ యంత్రంలో, వరుస ఆదేశాలను ఒక ఫైలులో వ్రాసి నడిపించే సదుపాయం పేరది. పేరుకు ముందు చుక్క ఉన్న ఫైళ్ళు జాబితాలో కనిపించకపోవడం వెనుకనున్న కథ మరీ తమాషా. ఆ చుక్కల ఫైళ్ళ సంప్రదాయం ఎవరూ ఆలోచించి పెట్టినది కాదనీ, తొలినాటి యూనిక్సులో డైరెక్టరీని సూచించే చుక్కలను దాచడానికి వ్రాసిన తొందరపాటు షరతు వలన పుట్టిందనీ రాబ్ పైక్ 2012లో వ్రాశారు. పొరపాటుగా పుట్టిన ప్రయోగం శిష్టవ్యవహారంలో నిలిచిపోవడం భాషలో మనం ఎరుగనిది కాదు. విండోస్ కూడా 1992 నాటి 3.1 సంచికలో ఐఎన్ఐ అనే సాదా ఫైళ్ళనే ప్రధానంగా వాడింది. 1995 సంచికతో రిజిస్ట్రీ అనే పెద్ద కొట్టుగదికి వాటిలో చాలావాటిని తరలించింది.

ఇంతవరకూ చెప్పినది సౌకర్యం. అసలు విషయం ఇక చెబుతాను. నా చేతిఫోనులోని ఒక తెలుగు కీబోర్డు మూడేళ్ళపాటు నా మాటలు నేర్చుకుంది. యతిమైత్రి, ప్రాసయతి, ఉత్పలమాల, ద్రుతప్రకృతికం వంటి మాటలు రెండక్షరాలు వ్రాయగానే అందించేది. ఫోను మార్చవలసి వచ్చింది. ఆ మాటలు ఎక్కడున్నాయో, వాటిని ఎలా బయటికి తీయాలో ఆ కీబోర్డు ఎక్కడా చెప్పలేదు. కొత్త ఫోనులో అది మళ్ళీ అ ఆ ల దగ్గర మొదలుపెట్టింది. ఉత్పలమాల అని వ్రాస్తే ఉత్పత్తి అని దిద్దుతుంది. ఆ మాటలు నేను నేర్పినవి. నేర్పిన పాఠం మీద నేర్పినవానికి అధికారం లేకపోవడం ఏమి న్యాయం?

దీనికి ప్రక్కనే మరొక ఉదాహరణ పెట్టి చూడండి. లిబ్రె ఆఫీసులో, ఎర్రగీత పడిన మాటను మన నిఘంటువులో చేర్చమంటే, అది ఒక సాదా ఫైలులో మాటకొక పంక్తిగా చేరుతుంది. ఆ ఫైలును నోట్‌ప్యాడులో తెరిచి చదువుకోవచ్చు, అకారాదిగా పేర్చుకోవచ్చు, మరొక యంత్రానికి తీసుకొనిపోవచ్చు. ఫైర్‌ఫాక్సు కూడా మనం చేర్చిన మాటలను ఇలాగే ఒక పాఠ్యపు ఫైలులో దాస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఒక మిత్రునికి పంపితే, ఛందస్సు మాటలు వ్రాసినప్పుడల్లా ఎర్రగీతలు చూసే బాధ ఆయనకూ తప్పుతుంది. పదిమంది కలిస్తే అదొక పారిభాషిక పదకోశమే అవుతుంది. ఫోను కొట్టుగదిలో మిగిలిపోయిన మాటలకూ వీటికీ తేడా ఒక్కటే. ఇవి చదవదగిన అక్షరాల్లో ఉన్నాయి.

పెద్ద భాషలకు ఈ బాధ తక్కువ. ఇంగ్లీషువానికి కావలసిన అమరికను తయారీదారు ముందే ఊహించి మెనూలో పెడతాడు. పెట్టకపోతే లక్షమంది అడుగుతారు. దంత్య చకారం కావాలని అడిగేవారు ఎందరు? నకారపొల్లు కావాలనేవారు ఎందరు? అడిగేవారి సంఖ్యను బట్టి సదుపాయం వచ్చేచోట కొద్దిమందికి అవసరమైన అక్షరం ఎప్పటికీ వెనుక బల్లమీదే కూర్చుంటుంది. తెరిచి దిద్దుకోగల ఫైలు ఉన్నచోట ఒక్కడి అవసరం కూడా తీరుతుంది. కాబట్టే ఈ దారి మనకు మరింత అవసరమన్నాను.

చూపు మందగించిన వయసువారికి కూడా ఇందులో ఉపకారముంది. మన అక్షరాల క్రింద ఒత్తులు, ప్రక్కన గుణింతాలు చేరి, ఇంగ్లీషుకు చాలిన పరిమాణంలో తెలుగు చదవడం కష్టమవుతుంది. ఫైర్‌ఫాక్సులో తెలుగు లిపికి మాత్రమే కనీస పరిమాణం 18 అని నిర్ణయించే అమరిక ఉంది. దానిని మన ప్రొఫైలులోని 'యూజర్ జేఎస్' అనే ఫైలులో ఒక పంక్తిగా వ్రాస్తే, ఆ విహరిణి మొదలైనప్పుడల్లా దానిని చదివి పాటిస్తుంది. యంత్రం మారినా ఆ పంక్తి వెంట వస్తుంది.

ఎదుటి పక్షాన్ని కూడా వినాలి. ఒక కామా పోతే సాఫ్టువేరు మొరాయిస్తుందని భయపడేవారి మాటలో సత్యముంది. యామల్ అనే రూపం 1.1 సంచికలో 'నో' అనే రెండక్షరాలను 'కాదు' అని అర్థం చేసుకుంటుంది. నార్వే దేశానికి సంక్షిప్త నామం కూడా ఆ రెండక్షరాలే కావడంతో ఒక దేశమే అసత్యమైపోతుంది! 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేసిన 'మేక్' సాధనంలో ఆదేశపు పంక్తికి ముందు ట్యాబు ఉండాలి, అన్ని ఖాళీలు పెట్టినా చెల్లదు. కంటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. మనకు మరొక చిక్కు కూడా ఉంది. పొల్లును విడిగా నిలపడానికి వాడే కనిపించని అక్షరం ఒక పేరులో చేరిందంటే, చూపుకు సరిగానే ఉన్న పంక్తి యంత్రానికి వేరుగా వినిపిస్తుంది. పాత నోట్‌ప్యాడులో తెలుగు వ్రాసి, ఎన్‌కోడింగు మార్చకుండా భద్రపరచి, మరునాడు ప్రశ్నార్థకాల వరుస చూసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 2019 నుండి విండోస్ 10లో యూటీఎఫ్-8 దాని సహజరూపమైన తరువాత ఆ బాధ తగ్గింది.

ఈ చిక్కులు రూపాన్ని సరిగా ఎన్నుకోకపోవడం వలన వచ్చినవి, సాదా అక్షరాల వలన వచ్చినవి కావు. మందు కూడా ఆ అక్షరాలలోనే ఉంది. మార్చబోయే ముందు ఫైలుకు నకలు తీయాలి. ఒకసారి ఒక్క పంక్తినే మార్చి ఫలితం చూడాలి. తేడా వస్తే నకలును యథాస్థానంలో పెట్టాలి. మూసిన కొట్టుగదిలో పాడైనదానికి ఇంత సులువైన చికిత్స లేదు.

వేగం కోసం అమరికలను యంత్రభాషలో దాచేవారి వాదన కూడా ఉంది. గ్నోమ్ డెస్క్‌టాపు వాడే డీకాన్ఫ్ అలాంటిదే. అయినా అది అడిగితే తన వద్దనున్నదంతా సాదా పాఠ్యంగా వెళ్ళగ్రక్కుతుంది, తిరిగి తీసుకుంటుంది. విండోస్ రిజిస్ట్రీలోని భాగాలనూ పాఠ్యపు ఫైళ్ళుగా బయటికి తీయవచ్చు. ఆ మాత్రం మర్యాద పాటిస్తే నాకు అభ్యంతరం లేదు. మెనూలను తీసివేయమని కూడా నేను అనను. అందరూ సూత్రాలు చదవనక్కరలేదు. సూత్రం మాత్రం ఎవరు అడిగినా చూపించేదై ఉండాలి. పైన మెనూ, క్రింద చదవదగిన ఫైలు, రెండింటిలో ఏది మార్చినా రెండవది మారడం ఉత్తమమైన ఏర్పాటు.

మీలో సాఫ్టువేరు వ్రాసేవారు చాలామంది ఉన్నారు. వారికి మూడు మనవులు. మీ అమరికలను సాదా పాఠ్యంలో ఉంచండి, లేదా సాదా పాఠ్యంగా ఇచ్చిపుచ్చుకొనే వీలు కల్పించండి. వ్యాఖ్యలకు చోటివ్వండి. తెలుగు వ్రాసినా చెడని యూటీఎఫ్-8నే వాడండి. ముఖ్యంగా తెలుగు కీబోర్డులు తయారుచేసేవారు, మేము నేర్పిన మాటలను మాకు తిరిగి ఇచ్చే మీట ఒకటి పెట్టండి.

తక్కినవారికి ఒక్క మనవి. మీరు రోజూ వాడే ఏదైనా ఒక సాఫ్టువేరు అమరికల ఫైలును నకలు తీసి, తెరిచి, మొదటినుండి చివరిదాకా ఒకసారి చదవండి. అర్థమైన పంక్తుల ప్రక్కన తెలుగులో వ్యాఖ్య వ్రాయండి. అలా టీక చేరిన ఫైలును పదిమందికి పంచండి. దంత్యాక్షరాల పంక్తులు కావలసినవారు అడిగితే నా ఫైలు సంతోషంగా పంపుతాను.

శుభం.